రాత్రి ఏడు దాటితే రేపటి తేదీ

కాగితం రైలు పాస్ మీద యూరప్ తిరిగినవాళ్లని ఎవరినైనా కదిపి చూడండి, ముందు ఆ తేదీల గళ్ల సంగతే ఎత్తుతారు. పది రోజుల ఫ్లెక్సీ పాస్, అంటే గడువులోగా మనకి నచ్చిన పది రోజులు రైళ్లెక్కే పాస్ అయితే, పది గళ్లు. ఒక్కో గడిలో పైన తేదీ, కింద నెల. ఆ రోజు మొదటి రైలెక్కే ముందే, నీలం సిరాతోనో నల్ల సిరాతోనో, మన చేత్తో మనమే నింపుకోవాలి. పెన్సిల్ పనికిరాదు. ఒంటి అంకె 8 వేస్తే పక్కన ఒకటి చేర్చి 18 చేయొచ్చు కాబట్టి 08 అనే రాయాలి. కొట్టివేత కనబడిందా, కండక్టర్ దాన్ని పొరపాటుగా చూడడు, మోసం కిందే లెక్కేస్తాడు. అందుకని ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని, ఒళ్లో బ్యాగు పెట్టుకుని, పాస్ అట్ట దాని మీద ఆనించి, ఇవాళ తేదీ ఎంతో పక్కవాళ్లని ఒకసారి అడిగి మరీ రాసేవాళ్లు. రోజుకో ఊళ్లో లేస్తుంటే తేదీ నిజంగానే మర్చిపోతాం.

ఆ గళ్లలో అసలు కిటుకు రాత్రి ఏడు గంటల నియమం. సాయంత్రం ఏడు దాటాక బయలుదేరి మర్నాడు పొద్దున దించే రైలైతే, ఎక్కే రోజు బదులు మర్నాటి తేదీ వేసుకోవచ్చు. 11వ తేదీ రాత్రి ఎనిమిదిన్నరకి వియన్నాలో ఎక్కితే గడిలో 12 అని రాస్తాం. ఆ ఒక్క గడితో రాత్రి ప్రయాణం అయిపోతుంది, 12వ తేదీ అర్ధరాత్రి దాకా ఇంకెన్ని రైళ్లెక్కినా అడిగేవాళ్లుండరు. అదే ఆరూ ముప్పావుకి కదిలే రైలైతే రెండు గళ్లు పోయినట్టే. ఇంకో మెలిక కూడా ఉంది. రాత్రి రైలు ఎనిమిదిన్నరకే అయినా, అది బయలుదేరే ఊరికి చేరడానికి మధ్యాహ్నం ఇంకో రైలెక్కామంటే 11వ తేదీ గడి కూడా నింపాల్సిందే. ఆరితేరినవాళ్లు రాత్రి రైలు బయలుదేరే ఊళ్లోనే పగలంతా గడిపేది అందుకే. సామాను స్టేషన్ లాకర్లో పడేసి, ఊరు చూసి, సాయంత్రం సూపర్ మార్కెట్‌లో రొట్టె కొనుక్కుని ప్లాట్‌ఫాం మీదికి వచ్చేస్తారు. రాత్రి రైళ్లని ఇలా కలుపుకుంటూ పోతే గళ్లు మిగిలేవి, హాస్టల్ డబ్బులూ మిగిలేవి.

పాస్ చేతికి రాగానే రైలెక్కడానికి కుదిరేది కాదు. మొదటి రోజు స్టేషన్ కౌంటర్‌లో ఇచ్చి చెల్లుబాటు చేయించుకోవాలి. అక్కడి గుమాస్తా పాస్‌పోర్టు నంబరు, మొదటి తేదీ, చివరి తేదీ రాసి ముద్ర కొడతాడు. చివరి తేదీ అక్కడే నిలబడి సరిచూసుకోవాలి. నెల పాస్ 12న మొదలైతే పై నెల 11 అర్ధరాత్రితో అయిపోతుంది. ఒక్క రోజు అటూ ఇటూ రాసినా ఆ తర్వాత ఇంకో దేశంలో సరిదిద్దించుకోవడం చాలా కష్టం.

ఇద్దరు కలిసి వెళ్తే, యూరప్ బయటివాళ్లకి అమ్మే యూరైల్ పాస్‌లలో సేవర్ పాస్ అని ఇంకోటి ఉండేది. ఇద్దరి నుంచి ఐదుగురి దాకా కలిసి తిరిగితే మనిషికి 15 శాతం తగ్గింపు. కాగితం మాత్రం ఒకటే, అందరి పేర్లూ దాని మీదే. తగ్గింపు చూసి కొనేవాళ్లకి ఆ ఒక్క కాగితం ఎంత గట్టిగా కట్టేస్తుందో దారిలో తెలిసేది. ఒకరికి వెనిస్‌లో ఇంకో రోజు ఉండాలనిపించి, రెండోవారికి ఫ్లోరెన్స్ మీద మనసు పోతే కుదరదు. ఒకరికి జ్వరం వస్తే ఇద్దరూ ఆగిపోవాలి. పేరున్నవాళ్లంతా రైల్లో ఉంటేనే అది చెల్లుతుంది మరి. 26 ఏళ్ల లోపువాళ్లకి దీని అవసరమే లేదు, విడివిడిగా రెండో తరగతి యూత్ పాస్‌లు కొనుక్కోవడమే చవక. ఆ వయసు దాటితే, పాస్‌లో ఉన్న దేశాలన్నిటికీ చెల్లే గ్లోబల్ పాస్ మొదటి తరగతిదే అమ్మేవాళ్లు కాబట్టి సేవర్ వైపు చూడాల్సి వచ్చేది. స్నేహితులతో వెళ్లేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది ఒక్కటే, పదిహేను శాతం పోయినా సరే, పాస్‌లు వేరువేరుగా ఉంచుకోండి. రెండు రోజులు విడిపోయి ఒక స్టేషన్లో మళ్లీ కలుసుకున్న స్నేహం ఇంకా బాగుంటుంది.

యూరైల్ 1959లో వచ్చింది, యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్ల కోసం. యూరప్‌లో ఉండేవాళ్లకి ఇంటర్‌రైల్. అంతర్జాతీయ రైల్వే సంఘం 1922లో ఏర్పడింది, దాని యాభయ్యో ఏడు వేడుకగా 1972లో దీన్ని తెచ్చారు. 21 ఏళ్ల లోపు పిల్లలకి, నెల రోజులు, 21 దేశాలు. బ్రిటన్‌లో ధర 27 పౌండ్ల 50 పెన్నీలు. ఆ ఒక్క ఏటికే అనుకున్నది, జనం వదల్లేదు. 1976లో వయసు 23కి, 1979లో 26కి పెంచారు. తర్వాత వయసు పరిమితే ఎత్తేశారు.

మనవాళ్లు ఇక్కడే పొరబడేవారు. పాస్‌పోర్టు భారత్‌ది కాబట్టి యూరైలే కొనాలనుకుంటారు. చూసేది పౌరసత్వం కాదు, నివాసం. జర్మనీలో ఎమ్మెస్ చదివే తెలుగు విద్యార్థి ఇంటర్‌రైల్ కొనుక్కోవాలి, నివాస అనుమతి కాగితం దగ్గర పెట్టుకోవాలి. హైదరాబాద్ నుంచి చూడ్డానికి వచ్చిన అతని స్నేహితుడిది యూరైల్. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని వేరు వేరు పాస్‌లు చూపించడం మామూలు. ఇంటర్‌రైల్‌లో ఇంకో షరతుండేది. మనం ఉంటున్న దేశంలో పాస్ ఉచితంగా పనిచేయదు, సగం టికెట్ కొనుక్కోవాలి. అందుకని ఆహెన్‌లో చదివేవాళ్లు అదృష్టవంతులు, బెల్జియం సరిహద్దు పక్కనే. జర్మనీ నడిబొడ్డున ఉన్నవాళ్లు వారాంతం టికెట్ పట్టుకునేవారు. 1995లో జర్మన్ రైల్వే ఆ టికెట్ తెచ్చినప్పుడు 15 మార్కులకి ఐదుగురు, శని ఆదివారాలు, దేశంలోని ప్యాసింజర్ రైళ్లన్నీ ఎక్కొచ్చు. ధర పెరుగుతూ పోయి 2019లో ఆ టికెట్టే ఆగిపోయింది. ఉన్నన్నాళ్లూ, నాలుగైదు రైళ్లు మారుతూ సరిహద్దు దాకా దాని మీద వెళ్లి, అక్కణ్ణుంచి ఇంటర్‌రైల్ గడి తెరవడం విద్యార్థులందరికీ తెలిసిన దారి.

యూరైల్ పటంలో కూడా ఖాళీలుండేవి. చెక్ రిపబ్లిక్ చాలా ఏళ్లు అందులో లేదు. వియన్నా నుంచి ప్రాగ్ మీదుగా బెర్లిన్ వెళ్లే రైలెక్కితే మధ్యలో చెక్ సరిహద్దు నుంచి సరిహద్దు దాకా విడిగా టికెట్ కొనాలి. అది ముందే కౌంటర్‌లో తీసుకుంటే చవక, రైల్లో కండక్టర్ దగ్గర కొంటే మోత. ఎల్బే నది ఒడ్డున కొండల మధ్య సాగే దారి అది, ఆ డబ్బుకి న్యాయం చేస్తుంది.

వీసా సంగతి అంతకంటే జాగ్రత్తగా చూసుకోవాల్సింది. దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసి ఒకే వీసా పెట్టిన షెంగెన్ ఒప్పందం 1995 మార్చి 26న అమల్లోకి వచ్చినా, స్విట్జర్లాండ్ అందులో చేరింది 2008 డిసెంబరు 12న. పటం చూస్తే పారిస్ నుంచి మిలాన్‌కి, జర్మనీ నుంచి ఇటలీకి దగ్గర దారులు స్విస్ మీదుగానే పోతాయి. రైల్లో నిద్రపోతూ దాటినా అది వేరే వీసా నియమాలున్న దేశమే. అందుకే భారతీయ పాస్‌పోర్టువాళ్లు మ్యూనిక్, ఇన్స్‌బ్రుక్, బ్రెన్నర్ కనుమ మీదుగా వెరోనా వెళ్లేవారు. ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు తనిఖీలు 1998 ఏప్రిల్‌లో తీసేశాక ఆ దారిలో చీకూ చింతా లేదు. ప్రాగ్, బుడాపెస్ట్ 2007 డిసెంబరు 21 దాకా షెంగెన్ బయటే. ఒక్కసారే ప్రవేశానికి ఇచ్చిన వీసాతో అక్కడికి వెళ్తే, తిరిగి ఆస్ట్రియాలో అడుగు పెట్టేటప్పటికి వీసా అయిపోయినట్టే. ఇప్పుడు ఈ బెడద చాలావరకు తీరింది. క్రొయేషియా 2023లో చేరింది, రొమేనియా, బల్గేరియా సరిహద్దుల్లో రైళ్లకీ రోడ్లకీ 2025 జనవరి నుంచి తనిఖీ లేదు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకి మించకూడదన్నది, 30 వేల యూరోల వైద్య బీమా ఉండాలన్నది మారలేదు.

దారి వేసుకోవడానికి థామస్ కుక్ టైంటేబుల్ ఉండేది. 1873 నుంచి 2013 దాకా ఆ పేరుతో వచ్చింది, ఆ తర్వాత దాని సంపాదకులే విడిగా కొనసాగించారు. ఖండం మొత్తం ఒక్క పుస్తకంలో, ప్రతి మార్గానికీ ఒక పట్టిక నంబరు. దాన్ని చదవడం తెలిసినవాళ్లు జతలో ఒక్కరుంటే చాలు, రెండోవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. రైలు టైము పక్కన సున్నా చుట్టిన అంకెలు వారాలు: 1 సోమవారం, 7 ఆదివారం. రెండు సుత్తులు అడ్డంగా వేసిన గుర్తుంటే సోమవారం నుంచి శనివారం దాకానే నడుస్తుంది, పండగ రోజుల్లో నడవదు. శిలువ గుర్తు ఆదివారాలకీ పండగలకీ. టైము ఒక్కటే చూసుకుని గుర్తు చూడకపోతే, ఆదివారం పొద్దున ఒక చిన్న జంక్షన్లో దిగి, మధ్యాహ్నం దాకా రైలు లేదని అక్కడ గోడ మీద చదువుకోవాలి. పుస్తకం బరువు, అందుకని వెళ్లే దేశాల పేజీలు బ్లేడుతో కోసుకుని మిగతాది ఇంట్లో వదిలేసేవారు. స్టేషన్ గోడ మీద జర్మనీలో, స్విట్జర్లాండ్‌లో పసుపు పచ్చ కాగితం బయలుదేరే రైళ్లది, తెల్లది వచ్చే రైళ్లది. హడావిడిలో తెల్లకాగితం ముందు నిలబడి ప్లాట్‌ఫాం నంబరు రాసుకునేవాళ్లు కనిపించేవారు.

ఇక ఆ గదుల బోగీలు. ఈ రాతంతా వాటి కోసమేనన్నా అబద్ధం కాదు. పక్కన పొడుగ్గా నడవా, దానికి వరసగా జారుడు తలుపుల గదులు, ఒక్కో గదిలో మూడుకి ఎదురుగా మూడు సీట్లు. ప్రతి గది తలుపు పక్కన ప్లాస్టిక్ సంచిలో చిన్న చీటీలు గుచ్చి ఉంటాయి, రిజర్వ్ చేసిన సీటుకి ఒకటి. మన స్టేషన్లలో బోగీకి అంటించిన చార్టు వెతుక్కున్నట్టే నడవాలో నడుస్తూ ఆ చీటీలు చదువుకుంటూ పోవాలి. చీటీ ఉన్నంత మాత్రాన సీటు పోయినట్టు కాదు. 63వ సీటు కొలోన్ నుంచి మాన్‌హైమ్ దాకా అని ఉందనుకోండి, మాన్‌హైమ్ దాటాక అది ఖాళీ. మనం ఎక్కింది మాన్‌హైమ్‌లోనే అయితే ఆ చీటీ మనల్నేం చేయదు. రిజర్వ్ చేసినవాళ్లు బయలుదేరిన పదిహేను నిమిషాల్లోగా రాకపోతే జర్మనీలో ఆ సీటు మీద వాళ్లకి హక్కు పోతుంది. చీటీ అసలే లేని గది దొరికితే ఆ రాత్రి పండినట్టే.

అలాంటి గదిలో సీటు అంచు కింద చెయ్యి పెట్టి ముందుకి లాగితే సీటు జారుతూ వస్తుంది, వీపు భాగం దాని వెనకాలే వాలుతుంది. ఎదురు సీటు కూడా లాగితే రెండూ నట్టనడుమ కలుస్తాయి. మధ్య చేతి ఆనులు పైకెత్తేస్తే, మూడు జతలూ లాగాక గోడ నుంచి గోడ దాకా ఒకటే పరుపు. సందులో నాణేలు, పెన్నులు, పాస్ కూడా జారిపోతాయి కనుక లాగే ముందే జేబులు ఖాళీ చేసుకోవాలి. కిటికీ కింద వేడి తగ్గించే పిడి ఉంటుంది, దాన్ని ముందే సగానికి తిప్పకపోతే అర్ధరాత్రి ఒళ్లంతా చెమట. కిటికీ చువ్వ పట్టుకుని కిందికి దించితే సగం దాకా దిగేది, దాని కింద బయటికి వంగొద్దని నాలుగు భాషల్లో ఉన్న రేకు. ఇటాలియన్‌లో ఉన్న ఎ పెరికొలోజో స్పోర్జెర్సీ అన్న మాట ఆ భాష ఒక్క ముక్క రానివాళ్లకి కూడా కంఠతా వచ్చేసేది. రాత్రి రెండింటికి ఎవరైనా తలుపు తీసి నిలబడితే సీట్లు వెనక్కి తోసి చోటివ్వడం మర్యాద. తెర వేసి నిద్ర నటించేవాళ్లూ ఉండేవారు, అది నాకు ఎప్పుడూ నచ్చని పని. మర్నాడు ఇంకో రైల్లో ఆ తలుపు దగ్గర నిలబడేది మనమే కావచ్చు.

పడుకునే ముందు చూసుకోవాల్సింది బోగీ బయట తగిలించిన పలక. రైలు పేరు ఒకటే అయినా బోగీలన్నీ ఒక ఊరికి పోవు. సాల్జ్‌బర్గ్, విల్లాక్ లాంటి జంక్షన్లలో అర్ధరాత్రి రైలుని విడగొట్టి, కొన్ని బోగీలు ఇటూ కొన్ని అటూ కలుపుతారు. ఖాళీ గది దొరికిందన్న సంబరంలో వేరే ఊరి బోగీలో పడుకుంటే తెల్లారేసరికి వేరే దేశంలో లేస్తారు. ప్లాట్‌ఫాం మీద రైలు కూర్పు బొమ్మ అంటించి ఉంటుంది, ఏ బోగీ ఎ, బి, సి, డి అక్షరాల్లో ఎక్కడ ఆగుతుందో అందులో ఉంటుంది. ఎక్కేముందు అది చూడటం, ఎక్కాక కండక్టర్ని ఊరి పేరు చెప్పి అడగటం, రెండూ చెయ్యాలి. ఎక్కాక రైలు లోపలే ఒక చివర నుంచి ఇంకో చివరకి బ్యాగులతో నడిచి వెళ్లొచ్చు కదా అనుకుంటే, మధ్యలో రెస్టారెంట్ బోగీకో పడక బోగీకో రాత్రి తాళం వేసి ఉండొచ్చు.

డబ్బు కొంచెం పెట్టగలిగితే కూషెట్. ఆరు బెర్తులు, దుప్పటి, దిండు, కుట్టిన పలచటి పక్కదుప్పటి ఇస్తారు. ఇద్దరికీ పై బెర్తులే అడగడం మంచిది. పైన నడవా మీదుగా సామాను పెట్టుకునే గూడు ఉంటుంది, అది పై బెర్తులవాళ్ల తలదగ్గరే. కింద బెర్తు సుఖమే కానీ, బ్యాగు నేల మీద, వచ్చేపోయేవాళ్ల కాళ్ల దగ్గర ఉంటుంది. బోగీ సహాయకుడు టికెట్టు, పాస్‌పోర్టు తీసుకుని ఉంచుకునేవాడు, రాత్రి సరిహద్దులో మనల్ని లేపకుండా తనే చూపించడానికి. పాస్‌పోర్టు చెయ్యి దాటడం మనవాళ్లకి మింగుడుపడదు. అయినా ఇవ్వాల్సిందే, పొద్దున దిగే ముందు కాఫీతో పాటు తిరిగొస్తుంది. దిగే ఊరు మాత్రం స్పష్టంగా చెప్పాలి, ఆయన లేపేది దాన్నిబట్టే.

దొంగతనాలు జరిగేది ఎక్కువగా నడిచే రైల్లో కాదు, ఆగిన రైల్లో. తలుపులు పడే ముందు నిమిషంలో ఎక్కి, పైన అరలోది లాక్కుని, దిగిపోతారు. రైలు కదిలాక మనం చూస్తూ ఉండాల్సిందే. సైకిల్ తాళంలాంటి సన్నటి తీగతో రెండు బ్యాగుల్నీ కలిపి అర చువ్వకి కట్టేస్తే సగం బెడద తీరుతుంది. రెండు బ్యాగుల్ని ఒకేసారి లాగడం ఎవరి తరమూ కాదు. పాస్‌పోర్టు, పాస్, డబ్బు మెడలో వేసుకునే సంచిలో, చొక్కా లోపల. పెద్ద స్టేషన్ వచ్చిన ప్రతిసారీ ఇద్దరిలో ఒకరు లేచి కూర్చోవాలి. ముందే మాట్లాడుకుని వంతులేసుకుంటే గొడవ రాదు. స్టేషన్లో రాత్రి గడిపేద్దామని మాత్రం లెక్కేసుకోకూడదు. వెనిస్ సాంతా లూచియా లాంటివి అర్ధరాత్రి దాటాక మూసేస్తారు, చలిలో మెట్ల మీద మిగులుతాం.

తిండి దగ్గరే బడ్జెట్ నిలబడినా కూలినా. పగలు రొట్టె, చీజ్, టమాటా, అరటిపళ్లు, అర కిలో పెరుగు డబ్బా. జర్మనీ, ఆస్ట్రియాలో ఆదివారం కొట్లు మూసేస్తారు, శనివారం సాయంత్రమే రెండు రోజులకి కొనుక్కోవాలి. మర్చిపోతే పెద్ద స్టేషన్ లోపలి సూపర్ మార్కెట్లే దిక్కు. శాకాహారులకి ప్రాణాధారం అటుకులు. స్టీలు డబ్బాలో రెండు గుప్పెళ్లు వేసి, అడిగితే కాఫీ కొట్లో పోసే వేడినీళ్లు మునిగేదాకా కాకుండా తడిసేదాకా పోసి, అయిదు నిమిషాలు మూతపెట్టి, కందిపొడి, ఉప్పు కలిపితే భోజనం అయిపోతుంది. నీళ్లెక్కువైతే పిండిముద్ద అవుతుంది, అక్కడే జాగ్రత్త. ఆవకాయ తెచ్చుకునేవాళ్లు పైన తేలే నూనె ముందే వంచేసి, సీసా మూతి మీద ప్లాస్టిక్ కాగితం బిగించి, ఆ పైన మూత తిప్పి, మళ్లీ రెండు కవర్లలో చుట్టాలి. బ్యాగు రైలు అరలో పక్కకి ఒరిగే ఉంటుంది కాబట్టి నూనె కారకుండా ఉండదు, బట్టలకి పట్టిన ఆ వాసన ఇంకో ఆరుగురికి చెబుతుంది. నీళ్లు కొనక్కర్లేదు. రోమ్ వీధుల్లో ముక్కు లాంటి గొట్టంతో ఉండే ఇనప పంపులు, జ్యూరిక్‌లో పన్నెండు వందలకి పైగా ఉన్న నీటి తొట్లు, అన్నీ తాగే నీళ్లే. జర్మనీలో ఖాళీ ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు తిరిగిస్తారు, పారేయకండి.

హాస్టళ్లలో అప్పట్లో పద్ధతులు గట్టివి. పొద్దున పదికల్లా బయటికి పంపి సాయంత్రం దాకా తలుపులు తీయనివి, రాత్రి పదకొండుకి తాళం వేసేవి చాలా ఉండేవి. బవేరియాలో 26 దాటితే యూత్ హాస్టల్‌లో చోటే ఇవ్వని కాలం చాన్నాళ్లు నడిచింది. జర్మన్ యూత్ హాస్టళ్లలో పొద్దుటి ఫలహారం అద్దెలోనే ఉంటుంది, వండుకోవడానికి వంటగది దొరకడం తక్కువ. స్కాండినేవియాలో వంటగది ఉంటుంది, పక్కదుప్పటి మనదే.

ఓడల్లోకి ఎక్కే రైళ్లు కూడా ఈ పాస్ మీదే చూసేవాళ్లం. జర్మనీలో పుట్‌గార్డెన్ నుంచి డెన్మార్క్‌లో రోడ్బీకి, హాంబర్గ్ కోపెన్‌హేగెన్ రైలు నేరుగా ఓడ పొట్టలోకి దూరేది. లారీల పక్కన, పట్టాలు దించిన ఇనప నేల మీద ఆగేది. ప్రయాణికులంతా దిగి పైకి వెళ్లాలి, ముప్పావుగంట సముద్రం. కిందికి దిగేటప్పుడు ఏ మెట్ల దారిన ఎక్కామో గుర్తుంచుకోకపోతే కార్ల మధ్య రైలు వెతుక్కోవాలి. 2019 డిసెంబరులో ఆ రైలు ఓడెక్కడం ఆపేసింది, అక్కడ సముద్రం అడుగున సొరంగం కడుతున్నారు. సిసిలీకి పోయే రైళ్లు మాత్రం విల్లా సాన్ జొవాన్ని దగ్గర ముక్కలుగా విడిపోయి ఇంకా ఓడెక్కుతూనే ఉన్నాయి. నీళ్ల మీద ఉండేది కొద్దిసేపే, రైలుని విడగొట్టి కలిపే పనికే ఎక్కువసేపు పడుతుంది. గ్రీసుకి బ్రిండిసి నుంచి పాత్రాస్ ఓడలుండేవి, పాస్ ఉన్నవాళ్లు ఓడరేవు పన్ను కట్టి డెక్ మీద పడుకోవడమే. బ్రిండిసి స్టేషన్ బయట ఉంబెర్తో, గారిబాల్ది వీధుల వెంట తిన్నగా నడిస్తే రేవు. ఆగస్టులో కూడా అర్ధరాత్రి డెక్ మీద గాలి కోసేస్తుంది, గాలి తగలని గోడ పక్కన చోటు ముందే పట్టుకోవాలి.

ఇప్పుడు పాస్ ఫోన్లో ఉంది, గళ్లు లేవు. 33 దేశాలు, 27 ఏళ్ల దాకా యూత్ తగ్గింపు, 26 దాటినా రెండో తరగతి కొనుక్కోవచ్చు. ఇవన్నీ మంచి మార్పులే. ఏడు గంటల నియమం పోయింది, రాత్రి రైలుకి ఎక్కిన రోజే లెక్క, పొద్దున దిగి ఇంకో రైలెక్కితే ఇంకో రోజు. జర్మన్ రైల్వే 2016 డిసెంబరులో తన రాత్రి రైళ్లు మానేస్తే ఆస్ట్రియా వాళ్లు చాలా మార్గాలు తీసుకుని నిలబెట్టారు. గదుల బోగీలు తగ్గిపోయాయి. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ వేగపు రైళ్లలో పాస్ ఉన్నా రిజర్వేషన్ తప్పదు, ఫ్రాన్స్‌లో పాస్‌వాళ్లకి కేటాయించిన సీట్లు వేసవిలో వారాల ముందే అయిపోతాయి. నాకు బాధ కలిగించేది ఆ రిజర్వేషన్ ఖర్చు కాదు. ప్లాట్‌ఫాం మీద నిలబడి, ఎదురుగా రెండు రైళ్లు చూసి, ఇద్దరూ మొహాలు చూసుకుని, ఇటు కాదు అటు పోదాం అనుకునే వీలు పోవడం.

అది పూర్తిగా పోలేదు కూడా, ఎక్కడుందో తెలియాలి అంతే. జర్మనీ, స్విట్జర్లాండ్ లోపలి రైళ్లలో, ఆస్ట్రియాలో పగటి రైళ్లలో ఇప్పటికీ రిజర్వేషన్ లేకుండా ఎక్కేయొచ్చు. ఫ్రాన్స్‌లో టీఈఆర్ అనే ప్రాంతీయ రైళ్లు, ఇటలీలో అలాంటివే రెజొనాలే రైళ్లు నెమ్మదివే కానీ అడ్డు చెప్పవు. అద్దాల బోగీల బెర్నీనా ఎక్స్‌ప్రెస్‌కి రిజర్వేషన్ కట్టాలి, అదే పట్టాల మీద సెయింట్ మోరిట్జ్ నుంచి తిరానోకి వెళ్లే మామూలు రైలుకి అక్కర్లేదు. 2,253 మీటర్ల ఎత్తు దాకా పళ్ల చక్రం లేకుండానే ఎక్కి, బ్రూసియో దగ్గర గుండ్రటి వంతెన మీద తిరిగి 429 మీటర్లకి దిగుతుంది. పోయేటప్పుడు కుడి పక్కన కూర్చుంటే హిమానీనదం, తెల్ల సరస్సు అటే. మ్యూనిక్ నుంచి వెరోనాకి కూడా అంతే. నేరు రైల్లో చోటు లేదంటే ఇన్స్‌బ్రుక్ దాకా వచ్చి, అక్కడి లోకల్ ఎక్కి బ్రెన్నర్‌లో దిగండి. స్టేషన్ 1,371 మీటర్ల ఎత్తున, సరిహద్దు పక్కనే ఉంటుంది. ఇటలీ ప్యాసింజర్ అక్కణ్ణుంచే బొల్జానో వైపు బయలుదేరుతుంది. రెండు రైళ్ల మధ్య టైము తక్కువే ఉంటుంది కాబట్టి వచ్చిన రైలు ఆగే ముందే బ్యాగులు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడాలి. ఒకరు ప్లాట్‌ఫాం నంబరు చూడాలి, ఒకరు సామాను దించాలి.